పాల ప్యాకెట్టుకు కారు ఎందుకు?

ఐర్లండ్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లు మొదటి నెలలో అడిగే ప్రశ్నలు దాదాపు అందరివీ ఒకటే. చలి ఎప్పుడు తగ్గుతుంది? అద్దె ఇంత ఎందుకుంది? ఈ రెండూ అయ్యాక మూడోది వస్తుంది: "పాల ప్యాకెట్టు కావాలన్నా కారు తీయాలా?" మొదటి రెండింటికీ ఎవరో ఒకరు జవాబు చెబుతారు. మూడోదానికి మాత్రం "ఇక్కడంతా ఇంతే" అని భుజాలు ఎగరేస్తారు. కానీ అది ఇంతే ఉండాలని ప్రకృతి నియమమేమీ లేదు. ఎవరో ఒకప్పుడు కూర్చుని గీసిన గీతల ఫలితం అది.

ఆ గీతల్ని చదవడానికి లీక్స్‌లిప్ మంచి పాఠ్యపుస్తకం. డబ్లిన్ నగర మధ్యం నుంచి పడమరగా సుమారు 17 కిలోమీటర్ల దూరంలో, కిల్డేర్ కౌంటీలో, లిఫీ నదిలో రై వాటర్ అనే చిన్న ఏరు కలిసేచోట ఉందీ ఊరు. 2022 జనాభా లెక్కల్లో 16 వేలు దాటింది. అంటే మన దగ్గర ఓ పెద్ద మేజర్ పంచాయతీ అంత. అయితే ఏ మేజర్ పంచాయతీకీ లేనివి ఇక్కడ ఉన్నాయి. ఇంటెల్ కంపెనీ 1989లో ఎంచుకున్న కాలిన్స్‌టౌన్ స్థలంలో ఇవాళ వేలమంది చిప్పులు తయారుచేస్తున్నారు. అక్కడే 2023 సెప్టెంబరులో ఫ్యాబ్ 34 తెరుచుకుంది. డబ్లిన్ వెళ్లే రైలు మార్గం మీద ఒకటి కాదు, రెండు స్టేషన్లున్నాయి: లూయిసా బ్రిడ్జ్, కాన్ఫీ. పాత మెయిన్ స్ట్రీట్ ఉంది, కోట ఉంది, కాలువ గట్టు ఉంది.

పని, ఇల్లు, అంగడి, రైలు అన్నీ ఉన్నాయి కదా, మరి కారెందుకు? అన్నీ ఉన్నాయి, నిజమే. ఒకచోట లేవు. ఇంటెల్ ఒక మూల, స్టేషన్లు ఊరి ఉత్తరపు అంచున, దుకాణాలు లోయలో, ఇళ్లు ఆ చుట్టుపక్కల ఒకదానికొకటి వీపు తిప్పుకున్న కాలనీల్లో. చిప్పుల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనం చేసే వేలమందిలో మెయిన్ స్ట్రీట్ దాకా వచ్చి తినేవాళ్లు అరుదు. అంత దూరం నడిచి వెళ్లి తిరిగొచ్చేసరికి భోజనవిరామం అయిపోతుంది.

ఇల్లు, అంగడి, పని, వినోదం ఒకే వీధిలో, వీలైతే ఒకే కప్పు కింద ఉండేలా చూడటాన్ని నగర నిర్మాణ శాస్త్రంలో మిక్స్‌డ్ యూజ్ అంటారు. ఈ అధ్యాయంలో దాన్ని "కలగలుపు వీధి" అని పిలుద్దాం.

రంగుల పటం ఎలా పుట్టింది?

ఆర్థర్ గిన్నిస్ పేరు విననివాళ్లుండరు. ఆయన 1755లో బీరు తయారీ మొదలుపెట్టింది లీక్స్‌లిప్‌లోనే. నాలుగేళ్ల తర్వాత దాన్ని తమ్ముడికి అప్పజెప్పి, డబ్లిన్ సెయింట్ జేమ్స్ గేట్‌కు వెళ్లాడు. ఆ కాలంలో బీరు కాచేచోటు, కాచేవాడి ఇల్లు, తాగేవాడి ఇల్లు అన్నీ కాలినడక దూరంలోనే ఉండేవి. దాన్ని ఎవరూ ప్లాను వేసి కలపలేదు. నడక తప్ప వేరే దిక్కులేక అన్నీ దగ్గర దగ్గరగా పుట్టాయి.

తర్వాత ఆవిరి యంత్రాలొచ్చాయి. పొగ, కంపు, రణగొణధ్వని ఇళ్ల కిటికీల దాకా వచ్చాయి. తోళ్ల శుద్ధి కేంద్రం పక్కన పిల్లల్ని పెంచాలని ఎవరికుంటుంది? జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం 1891లో ఊరిని వేర్వేరు వినియోగాల పేటలుగా విడగొట్టింది. ఈ పేటల పంపకాన్నే జోనింగ్ అంటారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో 1926లో సుప్రీంకోర్టు ఇది చట్టబద్ధమేనని తేల్చింది. ఆ తీర్పులో ఫ్యాక్టరీల సంగతి అలా ఉంచండి, విడి ఇళ్ల మధ్య లేచే అపార్టుమెంటును కూడా పరాన్నజీవితో పోల్చారు! కంపును దూరం పెట్టడానికి పుట్టిన నియమం కిరాణా కొట్టునూ, అద్దె ఇంటినీ కూడా గెంటేసింది. నా ఉద్దేశంలో ఇరవయ్యో శతాబ్దపు ఊళ్లకు జరిగిన పెద్ద నష్టం ఇక్కడే ఉంది. మందు మంచిదే, మోతాదే మించింది.

ఐర్లండ్‌లో 1963 ప్రణాళికా చట్టం వచ్చాక ప్రతి కౌంటీ ఒక అభివృద్ధి ప్రణాళిక రాసుకోవలసి వచ్చింది. పటం మీద ఇళ్లకో రంగు, పరిశ్రమకో రంగు, ఊరి మధ్యానికో రంగు. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే లీక్స్‌లిప్ పల్లె దశ దాటింది. రివర్ ఫారెస్ట్, రైవేల్ లాన్స్, ఆ తర్వాత గ్లెన్ ఈస్టన్, ఇలా ఒక్కో ఎస్టేటూ ఒక్కో రంగు ముక్కలో లేచింది. ఎస్టేటంటే ఇక్కడ మామిడి తోట కాదు. ఒకటో రెండో ద్వారాలు, లోపల చివర మూసుకుపోయే వంకర సందులు, వరసగా జంట ఇళ్లు. అంతా నివాసపు రంగే.

గీత వంకరైతే అంగడి మూత

ఒక చిన్న లెక్క వేద్దాం. మనిషి పాల కోసం అయిదు నిమిషాలు నడుస్తాడనుకుంటే, ఆ దూరం 400 మీటర్లు. దుకాణం చుట్టూ అంత వ్యాసార్ధంతో వృత్తం గీస్తే లోపల 50 హెక్టార్లు పడతాయి. రోడ్లూ పార్కులూ అన్నీ కలిపి హెక్టారుకు సగటున 20 ఇళ్లున్నాయనుకోండి, వృత్తంలో వెయ్యి ఇళ్లు. ఐర్లండ్‌లో ఇంటికి సగటున 2.74 మంది ఉంటున్నారు (2022 లెక్క). అంటే ఆ దుకాణానికి దాదాపు 2,700 మంది నడిచి రాగలరు. అదే హెక్టారుకు 50 ఇళ్లయితే 6,800 మంది. రెండో సంఖ్యలో కిరాణా కొట్టు, మందుల షాపు, మంగలి, కాఫీ దుకాణం అన్నీ బతుకుతాయి. మొదటిదానిలో ఒక్క కిరాణా కొట్టు, అదీ కష్టం మీద.

ఈ లెక్కలో ఒక దొంగ దాగి ఉన్నాడు. వృత్తాన్ని మనం కాకి ఎగిరినట్టు గీశాం. మనుషులు ఎగరరు. ఎస్టేటు వెనక గోడ అవతలే దుకాణం కనిపిస్తున్నా, ముందు ద్వారం దాకా వెళ్లి చుట్టి రావాలి. నడక దూరం సరళరేఖ దూరానికి ఒకటిన్నర రెట్లయితే, అయిదు నిమిషాల్లో అందే వ్యాసార్ధం 400 నుంచి 267 మీటర్లకు పడిపోతుంది. వైశాల్యం వర్గంలో తగ్గుతుంది కనుక 50 హెక్టార్లు 22 అవుతాయి. ఒక్క ఇల్లూ కూలకుండానే దుకాణం సగానికిపైగా గిరాకీ కోల్పోయింది!

దీనికి మందు గోడలో ఒక సందు తెరవడం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయినా ఐర్లండ్‌లో ఏ ఊళ్లోనైనా అన్నిటికన్నా ఎక్కువ గొడవ దీనికే జరుగుతుంది. సందు తెరిస్తే అపరిచితులొస్తారు, రాత్రిళ్లు కుర్రాళ్లు చేరతారు అన్నది నివాసుల భయం. ఆ భయాన్ని ఎగతాళి చేయడం తేలిక. కానీ ఎవరూ చూడని, రెండువైపులా గోడలున్న ఇరుకు సందు నిజంగానే భయపెడుతుంది. కిటికీలు ఆ సందువైపు తిరిగి ఉంటే కథ వేరేలా ఉండేది. ఆ సంగతి ఇల్లు కట్టేముందు ఆలోచించాల్సింది, కట్టాక గోడకు కన్నం పెడితే సరిపోదు.

లీక్స్‌లిప్‌లో ప్రకృతి కూడా ఈ దొంగకు తోడు. రెండు నదులు, రాయల్ కెనాల్, రైలు పట్టాలు, దక్షిణాన ఎం4 మోటారు రహదారి, ఇవన్నీ ఊరిని ముక్కలుగా కోస్తాయి. మెయిన్ స్ట్రీట్ నుంచి కాన్ఫీ స్టేషన్‌కు వెళ్లాలంటే కెప్టెన్స్ హిల్ ఎక్కాలి. పటం మీద కొండ కనిపించదు. బియ్యం సంచి మోసేవాడి మోకాలికి కనిపిస్తుంది.

వీధికి గడియారం

అన్నిటినీ దగ్గర చేర్చినా చాలదు. న్యూయార్క్‌లో హడ్సన్ స్ట్రీట్ మీద కాపురమున్న జేన్ జేకబ్స్ అనే పాత్రికేయురాలు అమెరికన్ మహానగరాల చావుబతుకుల మీద 1961లో ఒక పుస్తకం రాసింది. నగర నిర్మాణంలో ఆమెకు డిగ్రీ లేదు. తన కిటికీలోంచి వీధిని చూసి రాసింది. ఆమె పట్టుకున్న సూత్రం ఇది: వీధిలో ఎన్ని రకాల పనులున్నాయన్నది కాదు, వాటికోసం మనుషులు వేర్వేరు వేళల్లో బయటికొస్తున్నారా అన్నదే ముఖ్యం. ఇరవై ఆఫీసులు, ఒక బ్యాంకు, ఒక రిజిస్ట్రారు కార్యాలయం పక్కపక్కన పెడితే పటం మీద అది కలగలుపే. గడియారం మీద కాదు. అన్నీ తొమ్మిదికి తెరిచి అయిదుకు మూస్తాయి. ఆ వీధిలో హోటలు పెట్టినవాడు రోజంతటికీ అద్దె కట్టి ఒక్క మధ్యాహ్నం గంటన్నరే వ్యాపారం చేసుకోవాలి.

హైదరాబాదులో మూసి ఉన్న షట్టరు ముందు పొద్దున్నే ఇడ్లీ బండి నిలుస్తుంది. పదింటికి బండి కదిలి షట్టరు లేస్తుంది. రాత్రి షట్టరు పడ్డాక అదేచోట నూడిల్స్ బండి. ఎనిమిదడుగుల జాగాను ముగ్గురు పంచుకున్నారు. ఏ ప్లానరూ దీన్ని గీయలేదు, కానీ ప్లానర్లు నేర్చుకోవలసిన పాఠం ఇదే.

కార్లు నిలిపే జాగాకు కూడా ఇదే లెక్క. పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబాల్లో ఒకే స్నానాలగదితో గడిచిపోయేది. తాతగారు నాలుగింటికి, బడిపిల్లలు ఏడింటికి, కోడళ్లు పని తెమిలాక. అందరూ ఏడున్నరకే ఆఫీసుకెళ్లే ఇంట్లో నలుగురికి మూడు గదులున్నా చాలవు. ఒక వీధిలో ఆఫీసుకు పగలు 60 కార్ల జాగా, ఇళ్లకు రాత్రి 50 కార్ల జాగా కావాలనుకోండి. వేర్వేరు పేటల్లో ఉంటే 110 జాగాలు కట్టాలి. ఒకేచోట ఉంటే ఒకరు వెళ్లాక ఇంకొకరొస్తారు, 80తో సరిపెట్టవచ్చు. మిగిలిన జాగాలో ఇంకో పది ఇళ్లు లేస్తాయి. రంగుల పటంతో ఊరు కట్టినచోట ప్రతి వస్తువునూ రెండుసార్లు కట్టుకుని, ఒక్కోదాన్ని సగం రోజు ఖాళీగా ఉంచుతాం.

సరుకు లారీలకు కూడా గడియారమే పరిష్కారం. డబ్లిన్ రేవు సొరంగం తెరిచాక, అయిదూ అంతకు మించి ఇరుసులున్న లారీలను పగటిపూట నగర మధ్యంలోకి రానివ్వకూడదని 2007లో నియమం పెట్టారు. లారీని నిషేధించలేదు, వేళ మార్చారు. పనికొచ్చే వీధి నియమాలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

పైఅంతస్తుకు తలుపేది?

ఐర్లండ్ ఊళ్లలో ఏ మెయిన్ స్ట్రీట్‌లోనైనా తలెత్తి నడవండి. కింద కేశాలంకరణ, మందుల షాపు, పబ్బు కళకళలాడుతుంటాయి. పైన కిటికీలకు దుమ్ము పట్టి ఉంటుంది. ఇళ్లు దొరకక జనం అల్లాడుతున్న దేశంలో, ఊరి నడిబొడ్డున గదులు ఖాళీ! ఎందుకు?

కారణం తరచుగా ఒక తలుపు. పాతకాలంలో కింద కొట్టు, పైన కొట్టువాడి కాపురం. వీధిలోకి రెండు తలుపులుండేవి, ఒకటి కొట్టుకు, ఒకటి మెట్లకు. కుటుంబం తోటలున్న ఎస్టేటుకు మారాక మెట్ల తలుపు తీసేసి ఆ నాలుగడుగులూ అద్దాల ప్రదర్శనలో కలిపేశారు. ఇప్పుడు పైకి వెళ్లాలంటే కొట్టు లోపలినుంచి వెళ్లాలి. రాత్రి తొమ్మిదికి అద్దెవాడు కొట్టులోంచి నడిచి వెళ్లడానికి ఏ షాపువాడు ఒప్పుకుంటాడు? పైగా కింద నిప్పంటుకుంటే పైవాళ్లు తప్పించుకునే దారి వేరుగా ఉండాలని అగ్నిమాపక నియమం. అంతస్తుల మధ్య నిప్పు దాటని పొర వేయాలి. ఇవన్నీ లెక్కవేస్తే యజమానికి పైగదుల్లో అట్టపెట్టెలు పెట్టుకోవడమే లాభం.

ప్రభుత్వం ఒక్కో ముడీ విప్పుతూ వస్తోంది. రెండేళ్లుగా ఖాళీగా ఉన్న వాణిజ్య భవనాన్ని తొమ్మిది ఇళ్ల దాకా మార్చుకోవడానికి ప్రణాళికా అనుమతి అక్కర్లేదని 2018లో చెప్పింది. 2022లో ఖాళీ ఇళ్ల మరమ్మతుకు గ్రాంటు మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని 50 వేల యూరోలకు, శిథిలమైనవాటికి 70 వేలకు పెంచింది. అనుమతి అక్కర్లేదన్నారు గానీ అగ్నిమాపక ధ్రువపత్రం అక్కర్లేదనలేదు, అనకూడదు కూడా. అందుకే డబ్బిచ్చినా పని నెమ్మదిగానే సాగుతుంది. తీసేసిన తలుపును తిరిగి పెట్టడం ఇంత కష్టం.

పైన మనుషులుంటే వీధికి ఏమొస్తుంది? రాత్రి పదింటికి వెలిగే దీపం. నడిచేవాడికి, కేకేస్తే వినేవాళ్లున్నారన్న ధైర్యం. నేలమట్టంలోనూ ఇలాంటి తేడానే ఉంటుంది. ఆరు మీటర్ల వెడల్పు పాత కొట్ల వరస పక్కన నడుస్తుంటే నాలుగైదు సెకన్లకో కొత్త గుమ్మం వస్తుంది. అరవై మీటర్ల సూపర్‌మార్కెట్ పక్కగోడ వెంట ముప్పావు నిమిషం ఏమీ ఉండదు. మొదటిదాన్ని మెలకువ గోడ అనీ, రెండోదాన్ని నిద్రగోడ అనీ అందాం. నిద్రగోడ పక్కన నూరు మీటర్లు కిలోమీటరులా అనిపిస్తుంది.

వాహనాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆచార్యుడు 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు వీధుల్ని పరిశీలించాడు. రోజుకు 2,000 వాహనాలు పోయే వీధిలో మనిషికి సగటున ముగ్గురు మిత్రులు అదే వీధిలో ఉన్నారు. 16,000 వాహనాలు పోయేచోట ఒక్కరు కూడా లేరు, 0.9. లీక్స్‌లిప్‌లో 1994లో ఎం4 బైపాస్ వచ్చి, పడమటి జిల్లాలకు పోయే వాహనాలను మెయిన్ స్ట్రీట్ మీదనుంచి తప్పించింది. ఊరికి ఊపిరి ఆడింది. అదే రహదారి నాలుగేళ్ల తర్వాత, 1998లో తెరిచిన లిఫీ వ్యాలీ షాపింగ్ సెంటర్‌ను కారులో కాసేపటి దూరానికి తెచ్చింది. లారీలు పోయాయి, వాటితోపాటు కొంత గిరాకీ కూడా.

మనం ముందే ఉన్నామా?

ఇంతవరకు చదివిన హైదరాబాదు పాఠకుడు మీసం మెలేయవచ్చు. కలగలుపు మనకు కొత్తా? 1908లో మూసీ వరద ఊరిని ముంచాక, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పాత బజార్లను తిరిగి కట్టింది. చార్మినార్ నుంచి మదీనా వైపు సాగే పత్తర్‌గట్టీ ఆ మండలి కట్టినదే. రాతి తోరణాల కింద నీడలో నడక, లోపల కొట్లు, పైన కాపురాలు. ఐర్లండ్ ఇవాళ గ్రాంట్లిచ్చి తెచ్చుకోవాలనుకుంటున్నది మన దగ్గర ప్లాను వేసి కట్టినదే.

కానీ అమీర్‌పేట సందుల్లో ఉన్నవాళ్లను అడగండి. కోచింగ్ సెంటరు, హాస్టలు, జెరాక్సు, టిఫిన్ల హోటలు, పై వాటాలో వృద్ధ దంపతులు. కలగలుపుకు కొదవ లేదు, గడియారం కూడా రోజంతా తిరుగుతూనే ఉంటుంది, లేనిది ప్రశాంతతే. జూబ్లీహిల్స్‌లో ఇళ్ల పక్కన పబ్బుల హోరు భరించలేక నివాసులు హైకోర్టుకెక్కారు. లీక్స్‌లిప్ జబ్బు విడిపోవడమైతే, మనది హద్దులేకుండా కలిసిపోవడం.

మన శబ్దకాలుష్య నియమాలు (2000) చూడండి. నివాసప్రాంతంలో రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్యప్రాంతంలో 55 పరిమితి. తేడా పదే కదా అనుకోకండి. డెసిబెల్ కొలతలో పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుంది, చెవికి దాదాపు రెండింతలుగా వినిపిస్తుంది. మరి కింద హోటలు, పైన పసిపిల్ల నిద్రపోతున్న వీధి ఏ కోవలోది? మిశ్రమ ప్రాంతాన్ని నాలుగు వర్గాల్లో ఏదో ఒకటిగా అధికారులు ప్రకటించవచ్చని నియమాల్లో ఒక పంక్తి ఉంది, అంతే. అసలు ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

జపాన్ దీన్ని వేరేవిధంగా పట్టుకుంది. అక్కడ అన్నిటికన్నా కట్టుదిట్టమైన నివాసపు పేటలో కూడా ఇంట్లో కొట్టు పెట్టుకోవచ్చు. అది 50 చదరపు మీటర్లు మించకూడదు, ఇంటి వైశాల్యంలో సగంకన్నా తక్కువుండాలి. "దుకాణమా, ఇల్లా?" అని అడగలేదు. "ఎంత పెద్దది?" అని అడిగింది. యాభై చదరపు మీటర్ల కొట్టుకు లారీ రాదు, డీజే రాదు. పరిమాణానికి హద్దు పెడితే చాలా గొడవలు వాటంతటవే తగ్గుతాయి. మన పురపాలక చట్టాల్లో ఏ రోడ్డు వాణిజ్యం, ఏది నివాసం అని జాబితాలు రాసుకుంటూ పోయేబదులు, చప్పుడు, లారీ, వేళ, వైశాల్యం ఈ నాలుగింటికీ హద్దులు రాసి అమలుచేయడం మేలని నాకనిపిస్తుంది. అమలే కష్టమంటారా? జాబితాలు మాత్రం ఎక్కడ అమలవుతున్నాయి?

కాలువ అవతలి కాన్ఫీ

లీక్స్‌లిప్‌కు ఇప్పుడు రెండో అవకాశం వచ్చింది. 2020లో ఆమోదించిన స్థానిక ప్రణాళికలో ఊరి పెరుగుదలకు ముఖ్యంగా చూపించిన దిక్కు కాన్ఫీ. స్టేషన్ దాటి, పట్టాలకూ కాలువకూ ఉత్తరాన ఉన్న పొలాలవి. ఈ రైలు మార్గాన్ని విద్యుదీకరించి రైళ్లు పెంచే డార్ట్ ప్లస్ వెస్ట్ పథకానికి 2024లో అనుమతి వచ్చింది. అదే ఏడాది జనవరిలో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఇళ్లు దగ్గరగా కట్టడానికి వెసులుబాటిచ్చాయి. ఎదురెదురు వెనక కిటికీల మధ్య 22 మీటర్లుండాలన్న పాత పట్టింపు 16కు తగ్గింది.

అంటే 400 మీటర్ల వృత్తంలో జనం సమకూరే వీలుంది. కానీ వరస తప్పితే అన్నీ చెడతాయి. మొదటిది దారి. కాలువ అవతలికి సరైన దారి లేదు. కోప్ బ్రిడ్జ్ కాలువ కట్టిన కాలపు ఇరుకు వంతెన, దాన్ని బాగుచేయకుండా వేల ఇళ్లు కడితే ఉదయం ఎనిమిదింటికి అందరూ అక్కడే ఇరుక్కుంటారు.

రెండోది దుకాణాల వరస. కొత్త పేటలో మొదటి వంద ఇళ్లతోపాటే కింద పది కొట్లు కట్టి "కలగలుపు" అని బోర్డు పెట్టడం చాలా దేశాల్లో జరిగింది. వందిళ్లతో పది కొట్లు బతకవు. అయిదేళ్లు అద్దాలకు కాగితాలు అంటించి ఉంటాయి, ఆలోగా జనం పక్క ఊరు లూకన్‌కు కారులో వెళ్లడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటును కొత్త కొట్టు మార్చలేదు. అలాగని కొట్లు తర్వాత చూద్దామంటే, కింది అంతస్తంతా పడకగదులతో నిండిపోయి తర్వాతంటూ ఉండదు.

మధ్యేమార్గం ఒకటుంది. స్టేషన్ నుంచి పేటలోకి వెళ్లే ఒక్క వీధి ఎంచుకుని, అక్కడ కింది అంతస్తును నాలుగు మీటర్ల ఎత్తు కట్టాలి. ఐర్లండ్ నియమం ప్రకారం నేల అంతస్తు ఇంటికి 2.7 మీటర్లు చాలు, ఆ ఎత్తులో కొట్టు ఇరుకుగా ఉంటుంది, వంటగది పొగగొట్టం పట్టదు. నాలుగు మీటర్లుంటే మొదట ఎవరో కాపురముంటారు, జనం పెరిగాక అదే గది కొట్టవుతుంది, వ్యాపారం పడిపోతే మళ్లీ ఇల్లవుతుంది. పైకి వెళ్లే మెట్లకు వీధిలోకి తన తలుపు తనకుండాలి. హ్యూలెట్ ప్యాకర్డ్ 1995లో లీక్స్‌లిప్‌లో పెట్టిన ఫ్యాక్టరీని 2017లో మూసేసినప్పుడు, ఒక్క పనికోసమే కట్టిన అంత పెద్ద ప్రాంగణం కొత్త వాడుక కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆరు మీటర్ల వెడల్పు పాత కొట్టు మెయిన్ స్ట్రీట్‌లో రెండు మూడు తరాల్లో ఎన్ని అవతారాలైనా ఎత్తుతుంది.

ఆ అదనపు 1.3 మీటర్ల ఎత్తుకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు తగువు. కట్టేవాడు అమ్మి వెళ్లిపోతాడు, లాభం పదేళ్ల తర్వాత వీధికి వస్తుంది. అందుకని అది కట్టేవాడి ఇష్టానికి వదలకుండా, పునాది పడకముందే, కౌంటీ ఇచ్చే అనుమతిపత్రంలోనే షరతుగా రాయించాలి.